పగ్గం మన చేతిలోనే ఉండాలి: డ్రోన్ల రేడియో సంబంధాల భద్రతపై తీర్మానం

సమావేశం: మండల మహిళా సమాఖ్య, రైతు ఉత్పత్తిదారుల సంఘాల ఉమ్మడి సర్వసభ్య సమావేశం (దాళ్వా సన్నాహకం), కృష్ణా డెల్టా

ఎజెండా అంశం: 4

విషయం: మందు పిచికారీ డ్రోన్లకూ రిమోట్లకూ ఉపగ్రహాలకూ మధ్య నడిచే రేడియో సిగ్నళ్లకు ఉన్న ముప్పులు, తీసుకోవాల్సిన రక్షణలు

ప్రస్తావన

వీపున తైవాన్ పంపు మోసి, ముక్కుకు తడిగుడ్డ చుట్టుకుని చేలకు మందు కొట్టిన చేతులు మావి. ఇంటికొచ్చి తలస్నానం చేసినా ఆ వాసన కొంగును వదిలేది కాదు. ఇవాళ అవే చేతుల్లో రిమోట్ ఉంది. పది లీటర్ల ట్యాంకుతో లేచిన డ్రోన్ పది నిమిషాల లోపే ఎకరం చేను చుట్టేస్తోంది. నమో డ్రోన్ దీదీ పథకం కింద ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు సాయం అందుతోంది. మిగతాది సంఘం అప్పు. పొదుపు సంఘంలోని ఆడవాళ్లందరి ఉమ్మడి పూచీ మీద తెచ్చిన అప్పు అది. డ్రోన్ కూలినా, తప్పిపోయినా వాయిదాలు ఆగవు.

డ్రోన్ వల్ల కలిగే మేలు గురించి ఈ సమావేశానికి ఏ సందేహమూ లేదు. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో కనుచూపు దాటి ఎగిరిన డ్రోన్లు మందులు, టీకాలు చేరవేయవచ్చని చూపించాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, పడవ వెళ్లలేని సందుల్లోని మేడల మీదికి అన్నం పొట్లాలూ మందులూ డ్రోన్ల మీదే చేరాయి. ఆ మేలు నిలవాలంటే ఒక సంగతి తేల్చుకోవాలి. ఎద్దుకు ముకుతాడు ఉంటుంది, దాని పగ్గం రైతు గుప్పిట్లో ఉంటుంది. డ్రోన్ పగ్గం కంటికి కనపడదు, గాలిలో రేడియో తరంగంగా ఉంటుంది. దాన్ని ఇంకొకరు తెంచవచ్చా? లాక్కోవచ్చా? మన చేతిలోనే ఉందని మనల్ని నమ్మించి, అటు కొసను వాళ్లు పట్టుకోవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ, కింది విషయాలను పరిశీలించి ఈ తీర్మానం చేస్తున్నాం.

మా పొలంలో జరిగినది

గత సార్వాలో వరి పిలకలు పెట్టే దశలో మా సభ్యురాలు ఒకరు ఎనిమిది ఎకరాల చెక్కకు మందు కొడుతున్నారు. మూడో ఎకరంలో ఉండగా రిమోట్ తెర మీద ఉపగ్రహాల సంఖ్య 17 నుంచి 6కు పడిపోయింది. రిమోట్ ఆగకుండా కూత పెట్టింది. గీత గీసినట్టు వెళ్తున్న డ్రోన్ తన బాట వదిలి, గాలివాటుకు తూర్పు గట్టు వైపు జరగడం మొదలుపెట్టింది. ఆ గట్టు అవతల మడిలో ఎనిమిది మంది కూలీలు వంగి కలుపు తీస్తున్నారు. పంపు ఆగలేదు, మందు పడుతూనే ఉంది. ఆమె ముందు పంపు మీట నొక్కి ఆపారు. తర్వాత తెర వైపు చూడటం మానేసి, డ్రోన్‌నే చూస్తూ రెండు బొటనవేళ్లతో దాన్ని వెనక్కు లాగి, బోదె పక్కన బురదలో దించారు. ఒక కాలు విరిగింది. మనుషులకు ఏమీ కాలేదు.

ఆ తర్వాత కారణం వెతికాం. చేను మీదుగా హైటెన్షన్ కరెంటు తీగలు ఉన్నాయి. కాలవ అవతల ఇంకొకరి డ్రోన్ అదే సమయంలో ఎగురుతోంది. సిగ్నల్‌ను పాడుచేసే పరికరం ఏదైనా దగ్గర్లో ఉందేమోనని కొందరు అనుమానించారు. ఏదీ తేలలేదు. డ్రోన్‌ను మరమ్మతుకు ఇచ్చినప్పుడు లోపలి జ్ఞాపకాన్ని చెరిపి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఆనాటి ప్రయాణపు లాగ్ దాంతోపాటే పోయింది. ఎవరి మీదా నింద వేయడానికి మా దగ్గర ఆధారం లేదు. నిశ్చింతగా ఉండడానికీ ఆధారం లేదు.

మరో సంగతిని ఆ సభ్యురాలే సమావేశంలో లేచి చెప్పారు. ఆ ఉదయం అదే హెచ్చరిక అంతకుముందే రెండుసార్లు వచ్చి పోయింది. పడమట మబ్బు కమ్ముతోంది. రైతు గట్టు మీద ఎదురుచూస్తున్నారు. కూలి ఎకరం లెక్కన. ఆపితే ఆ రోజు డబ్బులు రావు, మాటా పోతుంది. అందుకే ఎగరేశానని ఆమె చెప్పారు. ఆ మాటను ఈ తీర్మానానికి మూలంగా తీసుకుంటున్నాం.

పరిశీలించిన విషయాలు

1. ఈ పగ్గానికి మూడు పోగులు ఉన్నాయి. రిమోట్ నుంచి డ్రోన్‌కు వెళ్లే ఆజ్ఞ మొదటిది. ఎత్తు, బ్యాటరీ, వీడియో వంటి సమాచారం డ్రోన్ నుంచి తిరిగి రావడం రెండోది. ఈ రెండూ ఎక్కువగా 2.4, 5.8 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల మీద నడుస్తాయి. ఇంటి వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. లైసెన్సు లేకుండా అందరూ వాడుకునే ఊరుమ్మడి చెరువు లాంటి చోటు అది. తానెక్కడుందో డ్రోన్‌కు చెప్పే ఉపగ్రహ సిగ్నల్ మూడో పోగు. మూడింటికీ ముప్పులు వేరు, మందులు వేరు. ఒక్క తాళంతో మూడు తలుపులూ మూయలేం.

2. చాటుగా వినడం. ఇరాక్‌లో అమెరికా ప్రిడేటర్ డ్రోన్లు పంపే వీడియోను దాదాపు 26 డాలర్లకు దొరికే సాఫ్ట్‌వేర్‌తో తిరుగుబాటుదారులు చూశారని 2009 డిసెంబరులో బయటపడింది. అంత పెద్ద సైన్యం కూడా ఆ వీడియోకు ఎన్‌క్రిప్షన్ తాళం వేయలేదు. 2023లో జర్మనీ పరిశోధకులు మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యే ఒక రకం డ్రోన్లను విప్పి చూశారు. డ్రోన్ ఉన్న చోటుతో పాటు, దాన్ని నడిపే మనిషి నిలుచున్న చోటు కూడా గాలిలో తాళం లేకుండానే వెళ్తోందని నిరూపించారు. పొలం గట్టు మీద ఒంటరిగా నిలబడి డ్రోన్ నడిపే ఆడమనిషికి ఈ సంగతి ఎంత ముఖ్యమో ఈ సభకు వేరే చెప్పనక్కర్లేదు.

3. పగ్గం లాక్కోవడం. 2013 డిసెంబరులో శామీ కామ్కర్ అనే అమెరికా పరిశోధకుడు, చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌ను ఒక డ్రోన్‌కు కట్టి ఎగరేసి, దగ్గర్లోని వైఫై డ్రోన్లను వాటి యజమానుల నుంచి విడగొట్టి తన అదుపులోకి తెచ్చుకునే విధానాన్ని చూపించారు. ఇందులో వాడిన కిటుకు సులువైనది. ‘నీ సంబంధం తెగిపోయింది’ అని వైఫైలో వచ్చే సందేశం ఎవరు పంపారో పాతకాలపు పరికరాలు అడగవు. దీనికి విరుగుడు 2009లోనే 802.11డబ్ల్యు ప్రమాణంగా వచ్చింది. 2018లో వచ్చిన డబ్ల్యుపీఏ3లో అది తప్పనిసరి అయింది. పాత వైఫైతో నడిచే పరికరానికి మాత్రం ఆ రక్షణ లేదు. వైఫై వాడనివి కూడా నిశ్చింతగా లేవు. పోలీసులు, అగ్నిమాపక దళాలు వాడే తరగతికి చెందిన ఖరీదైన డ్రోన్‌ను కూడా చేజిక్కించుకోవచ్చని 2016లో నిల్స్ రోడే అనే పరిశోధకుడు చూపించారు. దాని రేడియో సంబంధానికి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి లేకపోవడమే కారణం. అదే ఏడాది టోక్యోలో మరో పరిశోధకుడు, పౌనఃపున్యాలు గెంతుతూ పోయే రిమోట్ సంబంధాన్ని సైతం గాలిలోనే లాక్కున్నారు. గెంతడం వల్ల సిగ్నళ్ల రద్దీని తట్టుకోవచ్చు గానీ, దాన్ని తాళం అనుకోకూడదు.

4. సంతకం లేని ఆజ్ఞ. ప్రపంచంలో చాలా డ్రోన్లు మాట్లాడే భాష మావ్‌లింక్. 2009లో లోరెంజ్ మేయర్ దీన్ని మొదలుపెట్టారు. మొదటి రూపంలో ఆజ్ఞ ఎవరు ఇచ్చారో చూసే ఏర్పాటే లేదు. రెండో రూపంలో ప్రతి సందేశం చివర 13 బైట్ల సంతకం చేర్చే వీలు వచ్చింది. రిమోట్‌కూ డ్రోన్‌కూ మాత్రమే తెలిసిన రహస్య తాళంచెవితో ఆ సంతకం తయారవుతుంది. అందులో కాలముద్ర కూడా ఉంటుంది గనుక, నిన్నటి ఆజ్ఞను పట్టి దాచి ఇవాళ మళ్లీ వదిలినా చెల్లదు. తీర్మానం కింద వేలిముద్ర, తేదీ ఉంటేనే మన బ్యాంకు అంగీకరిస్తుంది కదా, ఇదీ అటువంటిదే. అయితే సంతకం ఆజ్ఞను దాచిపెట్టదు, ఎవరిదో మాత్రమే చెబుతుంది. దాచడానికి ఎన్‌క్రిప్షన్ విడిగా కావాలి. పైగా చాలా డ్రోన్లలో ఈ సంతకం ఆన్ చేసి రాదు, కొన్నవాళ్లే చేసుకోవాలి. అలాంటిది ఉందనే తెలియని వాళ్లు ఎలా ఆన్ చేసుకుంటారు?

5. పగ్గం తెంచడం. అదే పౌనఃపున్యం మీద గట్టిగా రొద చేస్తే రిమోట్ మాట డ్రోన్‌కు వినపడదు. దీన్నే జామింగ్ అంటారు. దీనికి తాళాలు పగలగొట్టే తెలివి అక్కర్లేదు. బ్రిటన్‌లోని రాయల్ యునైటెడ్ సర్వీసెస్ ఇన్‌స్టిట్యూట్ 2023 మేలో, యుక్రెయిన్ నెలకు దాదాపు 10,000 డ్రోన్లు కోల్పోతోందని అంచనా వేసింది. రష్యా జామింగ్ గురించి చెబుతూ ఇచ్చిన లెక్క అది. 2024 నుంచి అక్కడ రెండు పక్షాలూ సన్నని ఫైబర్ దారం విప్పుకుంటూ పోయే డ్రోన్లను యుద్ధంలోకి దించాయి. గాలిలోని పగ్గాన్ని నమ్మలేక మళ్లీ నిజమైన తాడు దగ్గరికే వచ్చారు. చేనులో ఆ తాడు పనికిరాదు. కాబట్టి పగ్గం తెగిన క్షణంలో డ్రోన్ ఏం చేయాలన్నది ముందే నిర్ణయించి ఉంచడమే మనకున్న రక్షణ.

6. దారి తప్పించడం. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఒక వాట్‌ను కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద ముక్కలు చేస్తే ఎంతో, నేలను చేరేసరికి వాటి సిగ్నల్ అంత. పౌరులు వాడే ఆ సిగ్నల్‌కు సంతకం లేదు. దగ్గర నుంచి అలాంటిదే గట్టిగా పంపితే డ్రోన్ దాన్నే నమ్ముతుంది. 2012 జూన్‌లో అమెరికాలోని వైట్ శాండ్స్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టాడ్ హంఫ్రీస్ బృందం నకిలీ సిగ్నల్‌తో ఒక డ్రోన్‌ను నేల వైపు దిగేలా చేసింది. ఇది ఎక్కడో దూరదేశాల సంగతి అనుకోలేం. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు మన సరిహద్దు ప్రాంతంలో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్మూ పరిసరాల్లో, విమానాల జీపీఎస్‌కు ఆటంకం కలిగిన ఘటనలు 465 నమోదయ్యాయని కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు తెలిపింది. ఇద్దరు పైలట్లు, అనేక పరికరాలు, నేల మీద కంట్రోలర్లు ఉన్న విమానానికే ఈ ఇబ్బంది ఉన్నప్పుడు, ఒకే రిసీవర్ మీద ఆధారపడే పొలం డ్రోన్ సంగతి ఆలోచించాలి.

7. పక్కదారులు. రేడియోకు తాళం వేసినా, రిమోట్‌కు కలిపిన ఫోన్‌లో ఊరూపేరూ లేని యాప్ ఉంటే దొంగ అటునుంచి వస్తాడు. ‘అన్నీ అన్‌లాక్ అవుతాయి’ అంటూ వాట్సాప్‌లో తిరిగే ఫర్మ్‌వేర్ (డ్రోన్ లోపలి సాఫ్ట్‌వేర్), డబ్బా మీద ముద్రించిన పాస్‌వర్డ్‌ను మార్చకుండా వాడటం, ఒకే తాళంచెవిని పది డ్రోన్లకు పెట్టడం కూడా ఇలాంటి దారులే.

8. చట్టం. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు ప్రతి డ్రోన్‌కు విశిష్ట గుర్తింపు సంఖ్య ఇచ్చాయి. అనుమతి లేనిదే లేవకుండా ఆపడం, ఉన్న చోటు చెప్పే బీకన్, హద్దు దాటనివ్వని జియోఫెన్సింగ్ అనే మూడు భద్రతా లక్షణాలను మున్ముందు తప్పనిసరి చేసే వీలు కల్పించాయి. ఆజ్ఞ నిజంగా పైలట్ నుంచే వచ్చిందా అని తేల్చే లక్షణం ఆ మూడింటిలో లేదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను 6 గంటల్లోగా తెలపాలి. ఆ జాబితాలో డ్రోన్లకు సంబంధించిన దాడులూ ఉన్నాయి. మా పొలంలో ఆ ఘటన జరిగిన రోజున ఈ సంగతి మా ఎవరికీ తెలియదు.

9. భయం రెండు వైపులా ఉంది. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్ల నుంచి పేలుడు పదార్థాలు పడ్డాయి. అప్పటి నుంచి ఆకాశంలో చప్పుడు వినపడితే ఎవరైనా తల ఎత్తి చూస్తారు. పగ్గం చేజారిన మన డ్రోన్ రేపు ఏ నిషేధిత ప్రాంతంలోకో వెళ్తే, పోలీసు ముందు నిలబడాల్సింది దాని గుర్తింపు సంఖ్య ఎవరి పేరున ఉందో ఆ సభ్యురాలే. తాను ఆ ఆజ్ఞ ఇవ్వలేదని నిరూపించుకునే ఆధారం ఆమె చేతిలో ఉండాలి.

నిర్ణయం

పై విషయాలన్నిటినీ చర్చించిన మీదట, రేడియో సంబంధానికి రక్షణ కల్పించడం డ్రోన్ తయారైన చోట మొదలై శిక్షణలోనూ చట్టంలోనూ కొనసాగాల్సిన బాధ్యత అని, ఆ భారమంతా గట్టు మీద నిలబడ్డ పైలట్ మీద వేయడం అన్యాయమని ఈ సమావేశం భావిస్తోంది. కనుక కింది విధంగా ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

అ. మా సంఘాలు పాటించవలసినవి

1. రోజూ మొదటిసారి ఎగరేసే ముందు ఐదు నిమిషాల పగ్గం తనిఖీ జరగాలి. ఉపగ్రహాల సంఖ్య, సిగ్నల్ బలం, దిక్సూచి, తిరిగొచ్చే చోటు సరిగ్గా నమోదైందా అన్నవి చూసి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి.

2. సిగ్నల్ తెగితే తిరిగొచ్చే ఎత్తును ఆ పొలం చుట్టూ ఉన్న కొబ్బరి, తాడి చెట్లనూ కరెంటు తీగలనూ చూసి ప్రతి పొలానికీ విడిగా పెట్టాలి. నిన్నటి పొలం ఎత్తు ఇవాళ్టి పొలానికి సరిపోదు.

3. పిచికారీ జరిగే చేనుకు ఆనుకుని ఉన్న మడుల్లో కూలీలు ఉంటే, వాళ్లు పక్కకు వెళ్లేదాకా డ్రోన్ లేవకూడదు. గాలివాలు వైపు దూరం ఎక్కువ ఉంచాలి.

4. పాస్‌వర్డ్‌లను డబ్బా విప్పిన రోజే మార్చాలి. సందేశ సంతకం, ఎన్‌క్రిప్షన్ ఉన్న డ్రోన్లలో వాటిని ఆన్ చేయాలి. ఒక్కో డ్రోన్‌కు తాళంచెవి వేరుగా ఉండాలి. వాటి నకలు సమాఖ్య బీరువాలో సీలు కవరులో ఉండాలి. పైలట్ మారినా, రిమోట్ పోయినా అదే రోజు మార్చాలి.

5. రిమోట్‌కు కలిపే ఫోన్ ఆ పనికి మాత్రమే వాడాలి. తయారీదారు ఇచ్చిన చోటు నుంచి తప్ప ఫర్మ్‌వేర్ ఎక్కించకూడదు.

6. ప్రయాణపు లాగ్‌ను ఏరోజుకారోజు సమాఖ్య కంప్యూటర్‌లోకి దించి, కనీసం 180 రోజులు దాచాలి. లాగ్ తీసుకోకుండా ఏ డ్రోన్‌నూ మరమ్మతుకు పంపకూడదు.

7. పక్కపక్క చేలలో రెండు డ్రోన్లు ఒకేసారి ఎగరాల్సి వస్తే పైలట్లు ముందే మాట్లాడుకుని వేళలు పంచుకోవాలి.

8. సిగ్నల్ హెచ్చరిక రెండోసారి వస్తే ఆ పూటకు డ్రోన్‌ను దించేయాలి. ఆ కారణంగా ఆగిన పనికి పైలట్ కూలిలో కోత పెట్టకూడదు. అప్పటిదాకా పూర్తయిన ఎకరాలకు రైతు డబ్బు ఇవ్వాలి. పైలట్‌కు నష్టపోయిన పూట కూలిని డ్రోన్ సేవల నిధి నుంచి చెల్లించాలి.

ఆ. తయారీదారులు, విక్రేతల నుంచి కోరుతున్నవి

1. ఆజ్ఞ, సమాచారం రెండింటికీ సంతకం, ఎన్‌క్రిప్షన్ ఫ్యాక్టరీలోనే ఆన్ చేసి రావాలి. ఆపాలంటే రెండుసార్లు అడగాలి, ఆపిన సంగతి లాగ్‌లో పడాలి. తక్కువ శక్తితో నడిచే చిప్‌లకు ఇది భారం అనే మాట ఇక చెల్లదు. అలాంటి పరికరాల కోసమే అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2023 ఫిబ్రవరిలో ఆస్కాన్ అనే తేలికపాటి పద్ధతిని ఎంపిక చేసింది.

2. సంబంధం తెగినా, ఉపగ్రహ సిగ్నల్ మీద అనుమానం వచ్చినా పంపు ఆ క్షణమే దానంతట అదే ఆగాలి. ఇది ఐచ్ఛికంగా ఉండకూడదు.

3. జీపీఎస్ ఒక్కదాన్నే నమ్మకుండా గ్లోనాస్, గెలీలియో, నావిక్ ఉపగ్రహ వ్యవస్థల సిగ్నళ్లనూ పోల్చి చూడాలి. లోపలి చలన సెన్సర్లు, నేలను చూసే కెమెరా చెప్పేదానికీ ఉపగ్రహం చెప్పేదానికీ పొంతన లేకపోతే డ్రోన్ ఆగి నిలబడి పైలట్‌ను అడగాలి.

4. హెచ్చరికలు తెలుగులో, వాక్యంగా రావాలి. ‘ఉపగ్రహాలు తగ్గాయి, చేత్తో నడపండి’ అని ఉంటే పైలట్ ఆ క్షణంలో ఏం చేయాలో తెలుస్తుంది. అంకెల కోడ్ చూస్తే తెలియదు.

5. భద్రతా లోపం బయటపడితే కొన్నవారికి ఫోన్ ద్వారా తెలపాలి. డ్రోన్ అమ్మిన నాటి నుంచి కనీసం ఐదేళ్లు ఉచితంగా సవరణలు ఇవ్వాలి.

6. విదేశాల్లో వాడే 915 మెగాహెర్ట్జ్ టెలిమెట్రీ రేడియోలను ఇక్కడ అంటగట్టకూడదు. మన దేశంలో ఆ పౌనఃపున్యం సెల్‌ఫోన్ సేవల దగ్గర పడుతుంది. మనకు లైసెన్సు లేకుండా అనుమతించినది 865 మెగాహెర్ట్జ్ ప్రాంతం.

ఇ. శిక్షణ గురించి

1. డ్రోన్ దీదీల 15 రోజుల శిక్షణలో ఒక పూర్తి రోజును రేడియో సంబంధాల భద్రతకు కేటాయించాలి. తరగతి గదిలో బొమ్మలు చూపడంతో సరిపెట్టకుండా, బోధకుడు కావాలని ఉపగ్రహ సహాయం ఆపేస్తే చేత్తో నడిపి దించే అభ్యాసం ప్రతి ఒక్కరి చేతా చేయించాలి. మా సభ్యురాలు ఆ రోజు కూలీల మీద మందు పడకుండా ఆపగలిగింది ఆమె చేతికి ఆ అలవాటు ఉన్నందువల్లే.

2. లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ పాఠాన్ని తెలుగులో తయారుచేసి అన్ని శిక్షణ కేంద్రాలకూ అందించాలని కోరుతున్నాం.

3. శిక్షణ పూర్తయిన వాళ్లకు ఏడాదికి ఒకసారి ఒక పూట పునశ్చరణ ఉండాలి.

ఈ. ప్రభుత్వాలను కోరుతున్నవి

1. డ్రోన్ నిబంధనల్లో ఉన్న మూడు భద్రతా లక్షణాల సరసన, ఆజ్ఞ ఎవరిదో తేల్చే ధ్రువీకరణను నాలుగోదిగా కేంద్ర పౌర విమానయాన శాఖ చేర్చాలి. బీకన్ సందేశానికి కూడా సంతకం ఉండాలి. అందులో పైలట్ నిలుచున్న చోటు అధికారులకు తప్ప ఇతరులకు కనపడకూడదు.

2. డ్రోన్ రకానికి ధ్రువీకరణ (టైప్ సర్టిఫికెట్) ఇచ్చేటప్పుడు జామింగ్, నకిలీ ఉపగ్రహ సిగ్నల్ పరీక్షలు చేయాలి. ఫలితాన్ని నక్షత్రాల లెక్కన డబ్బా మీద ముద్రించాలి. ఫ్రిజ్ కొనేటప్పుడు కరెంటు ఎంత కాలుతుందో చూస్తున్నాం, డ్రోన్ కొనేటప్పుడు దాని పగ్గం గట్టిదనం చూడగలగాలి.

3. ఐరోపా గెలీలియో వ్యవస్థ 2025 జులై నుంచి తన పౌర సిగ్నల్‌కు సంతకం జోడించి ఉచితంగా ఇస్తోంది. 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ప్రయోగంతో కొత్త తరంలోకి అడుగుపెట్టిన మన నావిక్ నుంచి కూడా, రైతు కొనగలిగే రిసీవర్‌కు అటువంటి రక్షణ అందేలా చూడాలని ఇస్రోను, కేంద్రాన్ని కోరుతున్నాం.

4. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాలలకూ ఐఐటీలోని తిహాన్ కేంద్రానికీ ఈ రంగంలో ఉన్న అనుభవం రైతుకూ చేరాలి. నిర్ణీత రోజుల్లో వ్యవసాయ డ్రోన్లను తీసుకెళ్లి పరీక్షించుకునే వీలు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కల్పించాలి.

5. సిగ్నల్ ఘటనను తెలపడానికి ఒక పేజీ తెలుగు ఫారం, ఎత్తితే తెలుగులో మాట్లాడే ఫోన్ నంబరు కావాలి. వచ్చిన ఫిర్యాదులను కలిపి, ఏ మండలంలో ఎప్పుడు ఆటంకాలు వస్తున్నాయో చూపే పటాన్ని పైలట్లకు అందుబాటులో ఉంచాలి.

6. వెలుపలి జోక్యం వల్ల డ్రోన్ పోతే లేదా కూలితే బీమా వర్తించాలి. లాగ్ సరిగ్గా దాచుకున్న పైలట్‌ను ముందుగా బాధితురాలిగా చూడాలి.

ఉ. చేయరానివి

1. మన పొలాల మీదికి వచ్చే తెలియని డ్రోన్లను ఆపడానికని ఏ సభ్యుడూ జామర్ కొనకూడదు, వాడకూడదు. అనుమతి లేకుండా ప్రైవేటు వ్యక్తులు జామర్లు, జీపీఎస్ బ్లాకర్లు వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జులైలోనే స్పష్టం చేసింది. పొలంలో పెట్టిన జామర్ దొంగ డ్రోన్‌తో పాటు పక్క చేనులోని మన డ్రోన్‌నూ, 108 వాహనంలోని ఫోన్‌నూ మూగబోయేలా చేయగలదు.

2. తెలియని డ్రోన్ కనపడితే రాళ్లు రువ్వకూడదు. సమయం, దిక్కు రాసుకుని పోలీసుకు చెప్పాలి.

3. భద్రత పేరు చెప్పి ఆడవాళ్ల చేతి నుంచి రిమోట్ తీసి ఇంకొకరికి ఇచ్చే ఏ ప్రయత్నాన్నీ ఈ సమావేశం అంగీకరించదు.

అమలు

ఇద్దరు పైలట్లు, ఇద్దరు రైతులు, సమాఖ్య లెక్కలు చూసే ఒకరు, మొత్తం ఐదుగురితో పగ్గం కమిటీ ఏర్పాటు చేయడమైనది. దాళ్వా మొదటి పిచికారీకి ముందే అన్ని డ్రోన్ల పాస్‌వర్డ్‌లు, తాళంచెవులు, తిరిగొచ్చే ఎత్తు తనిఖీ చేసి ఈ కమిటీ నివేదిక ఇవ్వాలి. ఇప్పుడున్న డ్రోన్లలో సంతకం, ఎన్‌క్రిప్షన్ వీలు లేనివి ఏవో జాబితా రాయాలి. వాటిని జనావాసాలకు, బడులకు ఆనుకుని ఉన్న చేలలో వాడరాదు. ప్రతి నెలా జరిగే సమాఖ్య సమావేశంలో లాగ్ పుస్తకం చదవాలి. ఈ తీర్మానం ప్రతులను కేంద్ర పౌర విమానయాన, వ్యవసాయ శాఖలకు, రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలకు, జిల్లా కలెక్టరుకు, డ్రోన్లు సరఫరా చేసినవారికి పంపాలి.

చర్చ, సవరణ

చర్చలో ఒక పెద్ద రైతు లేచి, హెచ్చరిక వస్తే ఆపమంటున్నారు సరే, నా చేనుకు దోమ పట్టి ఉంటే ఒక పూట ఆలస్యానికి నష్టం ఎవరిదని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదని సభ ఒప్పుకుంది. డ్రోన్ ఆగిన పూట చేత్తో కొట్టేందుకు రెండు పవర్ స్ప్రేయర్లు సమాఖ్య దగ్గర సిద్ధంగా ఉంచాలని, వాటికి అద్దె తీసుకోకూడదని సవరణ వచ్చింది. దాన్ని చేర్చుకోవడమైనది.

రెండో సవరణను గత సార్వాలో డ్రోన్‌ను బురదలో దించిన సభ్యురాలు ప్రతిపాదించారు. కూలి కోయకపోవడం ఒక్కటే చాలదని, దించేసిన పైలట్‌ను గట్టు మీద ఎవరూ ఎందుకు ఆపావని అడగకూడదని, కావాలంటే సాయంత్రం లాగ్ చూసుకోవాలని ఆమె కోరారు. అ భాగంలోని 8వ అంశానికి ఈ వాక్యాన్ని జోడించడమైనది: ‘ఎగరాలా దించాలా అన్న నిర్ణయం రిమోట్ పట్టుకున్న మనిషిదే. పొలంలో దానికి తిరుగు లేదు.’

ఆమోదం

తీర్మానాన్ని మహిళా సమాఖ్య కార్యదర్శి ప్రతిపాదించగా, రైతు ఉత్పత్తిదారుల సంఘం డైరెక్టరు బలపరిచారు. చదవడం రాని సభ్యుల కోసం మొత్తం తీర్మానాన్ని రెండోసారి బిగ్గరగా చదివి వినిపించి, అర్థం కాని మాటలను వివరించిన తర్వాత, హాజరైన వారందరూ చేతులెత్తి ఆమోదించారు. సంతకాలు, వేలిముద్రలు మినిట్స్ పుస్తకంలో తీసుకోవడమైనది. ఈ క్షణం నుంచి తీర్మానం అమల్లోకి వస్తుంది.

అధ్యక్షురాలు
కార్యదర్శి